హీటర్ ప్లగ్గులకు డాష్‌బోర్డు మీద బటన్ పెట్టుకోవచ్చా? మా పాత జీపు అనుభవం

మీరు అడిగింది ఇదీ: లంబసింగి వైపు తిరిగే పాత డీజిల్ జీపు, చలికాలం పొద్దున్నే పదిసార్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోవడం లేదు. హీటర్ ప్లగ్గులంటే చల్లటి డీజిల్ ఇంజిన్ అందుకోవడానికి లోపల వేడి పుట్టించేవి; వాటికి కొద్దిసేపు కరెంటు ఇచ్చి ఆపే టైమర్ బాక్సు పోయిందన్నారు, కొత్తది దొరకడం లేదు. దాని బదులు చేత్తో వేసే స్విచ్ పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు. నా బండికి ఏడేళ్లుగా అలాగే ఉంది. కాకపోతే ఏ స్విచ్ అన్నదగ్గరే నేను దెబ్బతిన్నాను, ముందు అది చెప్తాను.

మాది కూడా మీ పక్కే. ప్యూజో ఎక్స్‌డీపీ అనే డీజిల్ ఇంజిన్ ఉన్న పాత జీపు. టైమర్ బాక్సు పాడైంది నా చేతులతోనే. ఇంజిన్ మీద ప్రెషర్ వాటర్ కొట్టించి, మెరుస్తోందని మురిసిపోయాను. వారం తిరిగేసరికి హీటర్ లైటు వెలగడం మానేసింది. మా బావ ఉన్నాడు, వైర్లంటే చెయ్యి ఊరుకోదు. ఫాగ్ ల్యాంపులకు పెట్టే టక్కుమనే టాగుల్ స్విచ్ (ఒకసారి వేస్తే మనం తీసేదాకా ఆన్‌లోనే ఉండేది) ఒకటి, హారన్ రిలే (స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే డబ్బా) ఒకటి తెచ్చి అరగంటలో కలిపేశాడు. పది రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది.

పదకొండో రోజు కాఫీ మూటలు వేసుకుని చీకటితోనే బయలుదేరాం. స్విచ్ వేశాను, బండి అందుకుంది, మాటల్లో పడి స్విచ్ తీయడం మర్చిపోయాను. ఘాట్ దిగుతుంటే కాలిన వాసన. ఘాట్లో ఆ వాసన వస్తే ఎవరైనా బ్రేకు లైనింగ్ అనుకుంటారు, నేనూ అదే అనుకున్నాను. నర్సీపట్నంలో బానెట్ ఎత్తి చూస్తే రిలే కరిగి ముద్దయిపోయింది. నాలుగు ప్లగ్గుల్లో రెండింటి కొనలు ఉబ్బిపోయాయి. అవి హెడ్డులోంచి, అంటే ఇంజిన్ పై భాగంలోంచి, ఊడి రాలేదు. బలవంతంగా తిప్పితే ఒకటి విరిగి లోపలే ఉండిపోయింది. హెడ్డు దించి లేత్ షాపుకి పంపాల్సి వచ్చింది. మూడు రోజులు బండి లేదు.

అందుకని టాగుల్ వద్దు. స్ప్రింగ్ ఉన్న పుష్ బటన్ పెట్టండి. నేను ఆటో హారన్ బటన్ పెట్టాను. వేలు తీస్తే కరెంటు పోతుంది, మర్చిపోదామన్నా కుదరదు.

రెండో సంగతి, ప్లగ్గుల కరెంటు ఆ బటన్ గుండా పోకూడదు. నాలుగు ప్లగ్గులు కలిసి నొక్కగానే 60 ఆంపియర్లు దాటి లాగుతాయి, వేడెక్కాక నలభై దగ్గరికి దిగుతాయి. హారన్ రిలే అందుకే కరిగింది. షాపులో హారన్ రిలే అని కాకుండా డీజిల్ బండి హీటర్ రిలే, 70 ఆంపియర్లది అని అడగండి. దాని కాళ్ల మీద 30, 85, 86, 87 అని అంకెలు ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి 80 ఆంపియర్ల పట్టీ ఫ్యూజు మీదుగా 30కి, 87 నుంచి ప్లగ్గుల్ని కలిపే రేకు పట్టీకి. ఈ రెండు ముక్కలకీ 10 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వాడండి, వైరు చివర్లకు లగ్గులు (బోల్టుకి తగిలించే లోహపు కొనలు) గట్టిగా నొక్కించి క్రింప్ చేయించండి. ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. 85 బాడీ ఎర్త్‌కి, బోల్టు కింద పెయింటు గీకి మరీ బిగించండి. 86కి బటన్ నుంచి వైరు. ఆ బటన్‌కి కరెంటు మాత్రం తాళం తిప్పితేనే వచ్చే లైను నుంచి, 5 ఆంపియర్ల ఫ్యూజుతో తీసుకోండి. తాళం లేనప్పుడు పిల్లలు ఎక్కి బటన్‌తో ఆడుకున్నా ఏమీ కాదు. ఇటు సన్న వైరు చాలు. పాత బాక్సు నుంచి ప్లగ్గులకు వచ్చే వైరు విప్పేసి, చివర టేపు చుట్టేయండి.

ఇదంతా చేసేముందు ప్లగ్గులు బతికున్నాయో లేదో చూడండి. నాలుగులో రెండు పోయి ఉంటే ఎంత మంచి బటన్ పెట్టినా పొద్దున్నే అదే గోల, తిట్లు బటన్‌కి. రేకు పట్టీ విప్పేసి, టెస్ట్ ల్యాంపు (ఒక వైపు క్లిప్పు, ఇంకో వైపు మొన ఉండే చిన్న బల్బు) క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి పెట్టి, మొన ఒక్కో ప్లగ్గు తలకి తాకించండి. వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. వెలిగినంత మాత్రాన బాగున్నట్టు కాదు, లోపల తీగ తెగలేదని మాత్రమే. అనుమానం ఉన్నదాన్ని ఊడదీసి, పట్టకారుతో పట్టుకుని బ్యాటరీకి పెట్టి చూడండి. పది సెకన్లలో కొన ఎర్రబడాలి. కొన నల్లగానే ఉండి నడుము ఎర్రబడితే పారేయండి. మీటర్‌తో కొలిస్తే ఒక ఓమ్ అటూ ఇటూ చూపిస్తుంది గానీ, చవక మీటర్ల తీగలే అర ఓమ్ చూపిస్తాయి, నాకు దాని మీద నమ్మకం లేదు.

ఎంతసేపు నొక్కాలి? మా దగ్గర డిసెంబరు, జనవరిలో పొద్దున నేను పదిహేను అంకెలు లెక్కపెడతాను, తర్వాత సెల్ఫ్. అందుకున్నాక ఇంజిన్ దడదడమంటుంటే ఇంకో మూడు నాలుగు సెకన్లు నొక్కితే తెల్ల పొగ తగ్గుతుంది. నర్సీపట్నంలో మధ్యాహ్నమైతే అసలు ముట్టుకోను. అందుకోకపోతే అర నిమిషం ఆగి మళ్లీ నొక్కండి. ఇరవై దాటి పట్టుకు కూర్చోవద్దు, ప్లగ్గుకీ చేటు, సెల్ఫ్‌కి కావలసిన బ్యాటరీ కూడా అక్కడే అయిపోతుంది.

మన వైపు డ్రైవర్లకు ఒక అలవాటుంది, బండి అందుకోకపోతే ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలు గుడ్డ పెడతారు, లేదా స్టార్టింగ్ స్ప్రే కొడతారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్‌కి అది ప్రాణాంతకం. కొన 800 డిగ్రీలు దాటి కాలుతుంటుంది, ఆ ఆవిరి వేళకాని వేళ అంటుకుంటే పిస్టనో హెడ్డో పగులుతుంది, మంట ఎదురుగా మొహం మీదికే వస్తుంది. బటన్ పెట్టాక ఇంట్లో బండి తీసేవాళ్లందరికీ ఈ మాట చెప్పండి.

ఇదంతా ఒక్కో ప్లగ్గుకీ నేరుగా పన్నెండు వోల్టులు వెళ్లే పాత ఇంజిన్లకే. కొన్ని మరీ పాత ఇంజిన్లలో ప్లగ్గులు ఒకదాని తర్వాత ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి, ఒక్కోదానికి వోల్టు, వోల్టున్నరే. వాటికి నేరుగా బ్యాటరీ ఇస్తే క్షణంలో మాడిపోతాయి. కామన్ రైల్ బండ్లలో, అంటే డీజిల్ చల్లడం కంప్యూటర్ చేతిలో ఉండే కొత్త తరం బండ్లలో, హీటర్‌ని కూడా కంప్యూటరే చూసుకుంటుంది, అక్కడ చెయ్యి పెట్టొద్దు.

పని అయ్యాక ఒక చిన్న పరీక్ష. రాత్రి గోడ ఎదురుగా బండి పెట్టి, ఇంజిన్ ఆపి, తాళం మాత్రం తిప్పి, హెడ్‌లైటు వేసి బటన్ నొక్కండి. గోడ మీద వెలుతురు చప్పున తగ్గాలి.

మీ ప్లగ్గు మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో, ప్లగ్గు తలకి ఒక వైరు వస్తోందో రెండు వస్తున్నాయో చూసి కింద రాయండి. అది తెలిశాకే రిలే కొనండి.