బురద మీది పియర్

ప్రశ్న: ఈ వేసవిలో తూర్పు లండన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్తున్నాము. అక్కడికి గంట ప్రయాణంలో సౌత్‌ఎండ్ అనే ఊళ్లో, సముద్రంలోకి 2 కిలోమీటర్లకు పైగా కట్టిన పాత పియర్ (ఒడ్డు నుంచి నీళ్ల మీదికి కాళ్ల మీద నిలిపిన వంతెనలాంటి కట్టడం) ఒకటి ఉందని, దాన్ని తప్పక చూపిస్తానని అమ్మాయి అంటోంది. సముద్రం పక్కనే పుట్టి పెరిగిన మాకు అక్కడ కొత్తగా కనిపించేది ఏముంటుంది? అంత పొడవు గొప్ప కోసమేనా? నాకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ఆ పొడవుకు కారణం గొప్ప కాదండీ, బురద. సౌత్‌ఎండ్ థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట ఉంది. అక్కడి తీరం ఎంత చదునుగా ఉంటుందంటే, ఆటు వేళ నీరు దాదాపు మైలు దూరం వెనక్కి తీసి, కంటికి ఆనినంత మేర బురదే మిగులుతుంది. ఆవిరి పడవల మీద లండన్ నుంచి విహారానికి బయలుదేరినవారు ఇక్కడ దిగే వీలులేక మార్గేట్ వంటి ఊళ్లకు పోతుండేవారు. వారిని ఆపుకోవడానికి 1830లో చెక్కతో ఒక పియర్ కట్టారు గాని, అది 600 అడుగులే కావడంతో పోటు మీద తప్ప పడవ దాన్ని చేరలేకపోయింది. నీళ్ల కోసం దాన్ని పొడిగిస్తూ పోగా, 1840లు ముగిసేనాటికి 7,000 అడుగులకు చేరింది. ఇప్పుడు మీరు చూడబోయేది జేమ్స్ బ్రన్లీస్ అనే ఇంజనీరు రూపొందించగా 1889లో తెరిచిన ఇనుప కట్టడం. తరువాతి పొడిగింపులతో కలిపి దాదాపు 2.16 కిలోమీటర్లున్న ఈ పియర్, విహారం కోసం కట్టినవాటిలో ప్రపంచంలోకెల్లా పొడవైనది.

మీ కాకినాడ తీరమూ లోతు తక్కువదే కదా. అక్కడ ఓడను దూరాన లంగరు వేయించి, సరుకును బార్జీల మీద చేరవేసే పద్ధతి ఏర్పడింది. సౌత్‌ఎండ్‌వారు ఒడ్డునే ఓడ దగ్గరకు తీసుకుపోయారు. అందుకే ఈ పియర్‌ను చూస్తే ఇతరులకన్నా మీకే ఎక్కువ అర్థమవుతుందని నా నమ్మకం.

కాబట్టి ఆటు వేళ చూసుకుని వెళ్లండి. ఆ వేళలు అమ్మాయి ఫోనులోనే దొరుకుతాయి. నీరు నిండుగా ఉంటే ఫొటోలు అందంగా వస్తాయేమో గాని, కింద బురదను, దానిలో దిగిన ఇనుప కాళ్ల వరుసను చూడనివారు ఆ పియర్‌ను సగమే చూసినట్టు. బురద గట్టిగా ఉన్నట్టు కనిపించినా దాని మీద దూరంగా నడవకండి, పోటు తిరిగి రావడానికి ఎంతోసేపు పట్టదు.

మోకాళ్ల గురించి దిగులు అక్కర్లేదు. పియర్ మీద ఒడ్డు నుంచి కొస దాకా చిన్న రైలు నడుస్తుంది. మొదట ఒక వంద గజాలు నడిచి కింద బురదను చూసి, వెనక్కి వచ్చి రైలెక్కండి. మధ్యలో స్టేషన్లు లేవు కనుక అలసిపోయేదాకా నడవడం మంచిది కాదు. అమ్మాయిని మాత్రం ఒకవైపైనా నడవమనండి, అరగంట పైనే పడుతుంది.

కొసన పురాతన భవనాలు ఉంటాయనుకుంటే నిరాశ పడతారు. 1959లో ఒడ్డు వైపు, 1976లోను 2005లోను కొస వైపు మంటలు చెలరేగాయి. 1978లో ఆగిన రైలు 1986లో తిరిగి మొదలైతే, అదే ఏడాది ఒక ఓడ పియర్‌ను ఢీకొని రెండుగా తెగ్గొట్టింది. ఇప్పుడు కొసన ఉన్న హాలు 2012 నాటిది. దగ్గరలోనే ప్రాణరక్షక పడవల కేంద్రం ఉంది.

లండన్‌లో ఫెన్‌చర్చ్ స్ట్రీట్ స్టేషన్ నుంచి వచ్చే రైలును మీరు తూర్పు లండన్‌లోని బార్కింగ్‌లో ఎక్కి, సౌత్‌ఎండ్ సెంట్రల్‌లో దిగవచ్చు. అక్కడి నుంచి పియర్ నడక దూరమే, కాకపోతే చివర కొంత దిగుడు ఉంటుంది. పియర్ తెరిచి ఉండే రోజులు, వేళలు ముందే చూసుకోండి. జూలైలో వెళ్లినా స్వెటర్ మరవకండి, కొసన గాలి గట్టిగా కొడుతుంది.