కమలా హారిస్ గెలిచి ఉంటే అమెరికాలో జనం దగ్గరున్న తుపాకులు లాక్కునేవారా? ఈ విషయంలో ఆమె వైఖరి అసలు ఏమిటి?

లాక్కునేవారు కాదు; లాక్కోవాలనుకున్నా సాధ్యపడేది కాదు. అధ్యక్షుడు సంతకం పెట్టగానే ఇళ్లలోని తుపాకులు పోలీసుల చేతికి వెళ్లిపోవు. అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్ చట్టం చేయాలి, అది పౌరులకు ఆయుధాల హక్కునిచ్చే రాజ్యాంగ రెండవ సవరణకు విరుద్ధం కాదని సుప్రీం కోర్టు ఒప్పుకోవాలి. ఇంట్లో తుపాకీ ఉంచుకునే హక్కును 2008లో హెల్లర్ కేసులోను, బయట వెంట ఉంచుకునే హక్కును 2022లో బ్రూయెన్ కేసులోను గుర్తిస్తూ ఆ కోర్టు ఇచ్చిన తీర్పులు తెలిసినవారెవరూ అటువంటి చట్టం నిలబడుతుందని అనుకోరు.

అయితే జనానికి ఆ అనుమానం ఊరికే కలగలేదు. ఆమె శాన్ ఫ్రాన్సిస్కోలో జిల్లా అటార్నీగా, అంటే ప్రభుత్వం తరఫున నేరాల కేసులు నడిపే ప్రధాన న్యాయవాదిగా ఉన్న 2005లో, నగరవాసులు చేతితుపాకులు ఉంచుకోవడాన్నే నిషేధించే ప్రతిపాదనను సమర్థించారు. ఓటర్లు ఆమోదించిన ఆ నిషేధాన్ని తరువాత కోర్టులు కొట్టివేశాయి. 2019లో అధ్యక్ష అభ్యర్థిత్వానికి పోటీపడినప్పుడు సైనిక తరహా రైఫిళ్లను యజమానుల నుంచి ప్రభుత్వం తప్పనిసరిగా కొనివేయాలన్నారు. 2024 నాటికి ఆ మాట వదిలేసి, అటువంటి రైఫిళ్లపై నిషేధం, ప్రతి అమ్మకానికీ కొనేవారి నేపథ్య తనిఖీ, ప్రమాదకరంగా కనిపించే వ్యక్తి తుపాకీని కోర్టు ఉత్తర్వుతో కొంతకాలం తీసివేసే రెడ్ ఫ్లాగ్ చట్టాలు చాలన్నారు. సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో ట్రంప్‌తో జరిగిన చర్చలో, తనకూ తన ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్‌కూ తుపాకులున్నాయని, ఎవరి తుపాకులూ తీసుకోబోమని చెప్పారు. కొద్దిరోజులకే టీవీ వ్యాఖ్యాత ఓప్రా విన్‌ఫ్రీ ముందు కూర్చుని, తన ఇంట్లోకి ఎవరైనా చొరబడితే కాల్పులు తప్పవని నవ్వుతూ అన్నారు. ఆ తుపాకీ గ్లాక్ పిస్తోలని అక్టోబరులో మరో ఇంటర్వ్యూలో వెల్లడించారు. విచిత్రమేమిటంటే, 2017 లాస్ వేగస్ కాల్పుల తరువాత రైఫిల్‌ను మెషిన్‌గన్‌లా వేగంగా పేలేలా చేసే బంప్ స్టాక్ అనే పరికరాన్ని నిషేధించి, ఉన్నవారు నాశనం చేయాలి లేదా అప్పగించాలి అని ఆదేశించినది ట్రంప్ ప్రభుత్వం. ఆ నిషేధాన్ని 2024 జూన్‌లో సుప్రీం కోర్టు రద్దు చేసింది. ట్రంప్‌ను మాత్రం లాక్కునేవాడని పెద్దగా ఎవరూ అనలేదు.

నేను టెక్సాస్‌లోని డాలస్ శివార్లలో నివసిస్తున్నాను. 2023 మే 6న ఇక్కడికి దగ్గరలోని ఆలెన్ అనే ఊరి మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది మరణించారు. వారిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువ ఇంజినీరు కూడా ఉన్నారు. ఆ తరువాత మా పరిచయస్థుల్లో తుపాకీ కొన్నవారి సంఖ్య నాకు తెలిసే పెరిగింది. హెచ్1బి వీసాపై ఉన్నవారికి సాధారణంగా తుపాకీ అమ్మరు, కానీ చేతిలో వేట లైసెన్సు ఉంటే అమ్మవచ్చు. బాతుల వేటకిచ్చే కాగితంతో పడకగదిలో పెట్టుకునే పిస్తోలు కొనుక్కునే వెసులుబాటు ఏ మేధావి ఆలోచనో కాని, మనవాళ్లు దానిని కనిపెట్టడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

2024 దసరా రోజుల్లో ఒక మిత్రుని ఇంటికి బొమ్మల కొలువు పేరంటానికి కుటుంబంతో వెళ్లాను. భోజనాలయ్యాక ఆయన "రండి బావగారూ, మీకొకటి చూపిస్తాను" అంటూ మేడమీది పడకగది క్లోజెట్‌లోకి తీసుకువెళ్లారు. ఒకవైపు వరుసగా పట్టుచీరలు వేలాడుతున్నాయి, మరోవైపు అరలో బూట్ల పెట్టె ఉంది. మూత తీస్తే పాత తువ్వాలు మీద కొత్త పిస్తోలు. తూటాలు నింపే మ్యాగజైన్ అందులోనే ఉంది, తూటాలతో సహా. తాళం వేయరా అని అడిగాను. "దొంగ వచ్చాక తాళంచెవి వెతుక్కుంటూ కూర్చుంటామా అండీ?" అన్నారు ఆయన. బంగారం కోసం భారతీయుల ఇళ్లను దొంగలు ఎంచుకుంటున్నారన్న భయం ఆయనది. ఆ భయం అబద్ధమని నేను అనను. అంతలో చీరలు కదిలాయి. దాగుడుమూతలాడుతూ వాటి వెనుక నక్కిన ఆరేళ్ల పిల్లవాడు కిసుక్కున నవ్వి, మా కాళ్ల మధ్య నుంచి దూరి బయటికి పరుగెత్తాడు. మా మిత్రుడు మూతపెట్టి, పెట్టెను పైఅరలోకి మార్చారు. ఆయన దృష్టిలో సమస్య పరిష్కారమైపోయింది.

కిందికి వచ్చి కాఫీ తాగుతూ ఆయనే వాట్సాప్‌లో వచ్చిన ఒక వీడియో చూపించారు. 2007లో హారిస్ విలేకరులతో మాట్లాడుతూ, తుపాకీ చట్టబద్ధంగా ఉన్నంత మాత్రాన, తాళం వేసిన మీ ఇంట్లోకి వచ్చి దానిని బాధ్యతగా ఉంచుకున్నారో లేదో చూడబోమని అనుకోవద్దని హెచ్చరించిన వీడియో అది. అక్కడున్నవారంతా నిరంకుశత్వమని తేల్చేశారు. ఆ మాట దురుసుగానే ఉంది. కానీ ఆ సంవత్సరం శాన్ ఫ్రాన్సిస్కోలో వచ్చిన చట్టం కోరినది చాలా చిన్న విషయం: ఇంట్లో ఉన్న చేతితుపాకీని ఒంటిమీద పెట్టుకోనప్పుడు తాళమున్న పెట్టెలో ఉంచాలి, లేదా ట్రిగ్గర్‌కు తాళం వేయాలి. తుపాకీ యజమానుల సంఘమైన ఎన్ఆర్ఏ దానిపై కోర్టుకు వెళ్లినా, 2014లో అప్పీలు కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. 2015లో సుప్రీం కోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది.

నా ఉద్దేశంలో తుపాకుల విషయమై ఆమె అనుసరించిన విధానాలన్నింటిలో అత్యుత్తమమైనది ఇదే, ప్రచారంలో ఆమె గట్టిగా చెప్పుకోనిదీ ఇదే. 2021లో అమెరికాలో తుపాకులకు 48,830 మంది బలయ్యారు; వారిలో 26,328 మందివి ఆత్మహత్యలు. హత్యలలోనూ రైఫిళ్ల కంటే చేతితుపాకులదే పెద్ద వాటా. అయినా అభ్యర్థులందరూ రైఫిళ్ల చుట్టూనే తిరుగుతారు, ఎందుకంటే ఇంటి క్లోజెట్ గురించి మాట్లాడితే ఓటరు నొచ్చుకుంటాడు. దొంగను కాలుస్తానని నవ్వే బదులు, తన గ్లాక్‌ను ఏ పెట్టెలో పెట్టి తాళం వేస్తారో ఆమె చెప్పి ఉంటే, మా శివార్లలోని తల్లులు పార్టీ చూడకుండా ఓటు వేసేవారని నేను ఈనాటికీ నమ్ముతున్నాను.

టెక్సాస్ చట్టం ప్రకారం, 17 ఏళ్లలోపు పిల్లల చేతికి తూటాలున్న తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా వదిలేయడం నేరమే. కానీ పిల్లవాడికి తుపాకీ దొరికాకే కేసు, అది పేలి ఎవరికీ ఏమీ కాకపోతే శిక్ష 500 డాలర్లకు మించని జరిమానా. 2025లో ఇదే రాష్ట్రం రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులను నిషేధిస్తూ మరో చట్టం చేసింది. ఇవన్నీ నిర్ణయించేది రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లోని శాసనసభ. దానికి పోటీచేసేవారు మన సంఘాల ఉగాది వేడుకలకు వచ్చి శాలువా కప్పించుకుని వెళుతుంటారు. వారిలో ఒకరిని నేను ఇంట్లో తుపాకీకి తాళం తప్పనిసరి చేస్తారా అని అడిగాను. ఆయన ఆస్తిపన్ను తగ్గింపు గురించి వివరంగా చెప్పారు. మా సంఘం కార్యదర్శి నన్ను పక్కకు పిలిచి, అతిథులను ఇబ్బంది పెట్టవద్దని కోరారు.