అలర్జీ మీద పరిశోధన చేయాలని ఉంది, నులిపురుగుల ల్యాబ్‌లో చేరవచ్చా?

ఎమ్మెస్సీ అయిపోవస్తోందని, మీకు ఆసక్తి అలర్జీ మీదైతే సీటు వచ్చిన ల్యాబ్‌లో అందరూ పేగుల్లో పురుగుల మీద పనిచేస్తున్నారని, చేరితే దారి తప్పినట్టవుతుందా అని అడిగారు. దారేమీ తప్పరు. చేరండి. పద్దెనిమిదేళ్లుగా నేను చేస్తున్నది ఈ పనే.

ఐజీఈ అనే యాంటీబాడీకి అలర్జీతో ఉన్న సంబంధం 1966లో అమెరికాలోని డెన్వర్‌లో శాస్త్రవేత్తలైన ఇషిజాకా దంపతుల పనితో బయటపడింది. కానీ 1964లోనే బ్రిడ్జెట్ ఓగిల్వీ అనే శాస్త్రవేత్త, పురుగులు సోకిన ఎలుకల రక్తంలో అలర్జీ రోగుల్లో ఉండే తరహా యాంటీబాడీ ఉందని చూపించారు. అప్పటికి దానికి ఐజీఈ అన్న పేరే లేదు. పురుగును తరిమే మన రోగనిరోధక సైన్యమే పుప్పొడి మీదా, వేరుశనగ మీదా విరుచుకుపడితే దాన్నే మనం అలర్జీ అంటున్నాం.

చదివితే ఇది ఒక వాక్యం. నాకు ఒంటబట్టింది మాత్రం పీహెచ్‌డీ రెండో ఏడాదిలో. మేం వాడేది నిప్పోస్ట్రాంగిలస్ అనే పురుగు. ఎలుక పెంటికలు నానబెట్టి, బొగ్గు పొడితో కలిపి, తడి ఫిల్టర్ పేపర్ మీద పరిచి వారం ఉంచితే లార్వాలు అంచులకు పాక్కుంటూ వస్తాయి. వాటిని కడిగి, లెక్కపెట్టి, ఒక్కో చిట్టెలుక చర్మం కింద 500 ఎక్కించేవాళ్లం. అవి ఊపిరితిత్తుల మీదుగా పేగుకు చేరతాయి. తొమ్మిదో రోజున పేగును నిలువునా కోసి, గోరువెచ్చని సెలైన్‌లో వేలాడదీశాను. మామూలు చిట్టెలుక పేగు నుంచి నాలుగు పురుగులు రాలాయి. ఐఎల్-4 రిసెప్టర్ (ఐఎల్-4 అనే రోగనిరోధక సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) లేకుండా పుట్టించిన దాని నుంచి ఎర్ర దారపు ముక్కల్లా రాలుతూనే ఉన్నాయి, లెక్కపెట్టే క్లిక్కర్ నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పెట్టింది. ఇది నేను కనిపెట్టింది కాదు, 1990ల్లోనే తేలిన సంగతి. అయినా ఒక్క రిసెప్టర్ లేకపోతే ఎంత తేడా వస్తుందో కళ్లారా చూడటం వేరు.

చాలా ఏళ్లకు మా అక్క ఫోన్ చేసింది. మేనల్లుడికి తీవ్రమైన ఎగ్జిమా, రాత్రుళ్లు గోక్కుని దుప్పటి నిండా రక్తపు మరకలు. డూపిలుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెడదామన్న డాక్టరు ముందు మల పరీక్ష చేయించమన్నారట. "చర్మానికి మందిస్తూ పురుగులున్నాయా అని అడుగుతారేంట్రా?" అంది. ఆ మందు అడ్డుకునేది సరిగ్గా ఆ రిసెప్టర్‌నే. కడుపులో పురుగులుంటే ముందు వాటికి వైద్యం చేయాలని దాని వాడకం సూచనల్లోనే ఉంది. అరగంట చెప్పాను, అక్క విసుక్కోకుండా విన్నది.

ఒక హెచ్చరిక. ఈ రంగంలోకి రాగానే "పురుగులుంటే అలర్జీ రాదు" అన్న మాట వింటారు. అంత సూటిగా లేదు. ఆఫ్రికాలోని గాబన్‌లో షిస్టోసోమా అనే రక్తనాళాల పురుగు సోకిన పిల్లలకు, ఇంటి దుమ్ములో ఉండే డస్ట్ మైట్ల అలర్జీ పరీక్షలో స్పందన తక్కువని 2000లో చూపించారు, నిజమే. కానీ ఏలికపాములున్న పిల్లల్లో ఉబ్బసం ఎక్కువని చెప్పే అధ్యయనాలూ ఉన్నాయి. ఉబ్బసం రోగులకు కావాలని కొంకి పురుగులు ఎక్కించిన ట్రయల్‌లో చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. కొంకి పురుగు పేగు గోడకు కరుచుకుని రక్తం తాగుతుంది. బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రను అలర్జీ పేరు చెప్పి ఏ తల్లీ మాన్పించకూడదు, ఆ మాట మీరూ గట్టిగా చెప్పాలి.

ఇక కష్టాలు. పురుగును ఎలుక నుంచి ఎలుకకు ఆపకుండా మారుస్తూ బతికించాలి, దానికి సంక్రాంతి సెలవుల్లేవు. ఒకసారి రాత్రి ఇంక్యుబేటర్ వేడెక్కిపోయి లార్వాలన్నీ చచ్చాయి. నాలుగు నెలలు పెంచిన చిట్టెలుకలకు ప్రయోగానికి తగిన వయసు దాటిపోయింది, పేపర్ ఏడాది వెనక్కి వెళ్లింది. ఆ రోజు యానిమల్ హౌస్ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. పోస్ట్‌డాక్ తర్వాత సొంత ల్యాబ్ దొరకడానికి ఆరేళ్లు పట్టింది. ఇండియా అలయెన్స్, రామలింగస్వామి ఫెలోషిప్‌ల లాంటివి ఇప్పటినుంచే గమనిస్తూ ఉండండి.

చేరే ముందు ఆ ల్యాబ్ సీనియర్లను రెండు విషయాలు అడగండి: పురుగుల సైకిల్‌ను వంతులవారీగా నడుపుతారా, లేక కొత్తగా చేరినవాళ్ల నెత్తినే పెడతారా? పీహెచ్‌డీ పూర్తవడానికి అక్కడ మామూలుగా ఎన్నేళ్లు పడుతోంది?