బరంపురంలో మూడు రోజులే ఉంటే ఊరు చూడ్డానికి చుట్టాల్ని కూడా వెంట తీసుకెళ్ళండి

మీరు అడిగింది ఇదీ: అమ్మ వైపు వాళ్ళంతా ఒడిశాలోని బరంపురంలో ఉన్నారు, చాలా ఏళ్ళ తర్వాత వెళ్తున్నారు, సెలవు మూడు రోజులే. పిన్ని, మావయ్యల ఇళ్ళకు వెళ్ళాలి, కాలేజీ స్నేహితుల్ని కలవాలి, పిల్లలకు గోపాల్‌పూర్, తారాతారిణి, చిలికా చూపించాలి. ఏ రోజు ఏది పెట్టుకోవాలి?

నేను పుట్టి పెరిగింది బరంపురంలోనే. పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేశాను. అచ్చంగా ఇలాంటి మూడు రోజుల ప్రయాణం రెండుసార్లు చేశాను, ఒకటి 2022లో, ఇంకొకటి 2024లో. మొదటిది తప్పుగా చేశాను కాబట్టి ముందు దాని గురించే చెప్తాను.

అప్పుడు నేను చుట్టాలకు ఒకటిన్నర రోజు, ఊరు చూడ్డానికి ఒకటిన్నర రోజు అని పంచుకున్నాను. ఎవరూ నొచ్చుకోకూడదని మొదటి ఒకటిన్నర రోజులో తొమ్మిది ఇళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లో మంచినీళ్ళు, స్వీటు, టీ. ప్రతి ఇంట్లో "ఉండమ్మా, వంటయిపోయింది, నాలుగు ముద్దలు తిని వెళ్ళు" అనడం, నేను గడియారం చూసుకుని "ఇంకో ఇంటికి వెళ్ళాలి" అని లేవడం. మొహం చూపించి వచ్చేశాను, అంతే. తర్వాత మేం నలుగురం కారు మాట్లాడుకుని గోపాల్‌పూర్ వెళ్ళొచ్చాం. తిరుగు రైలెక్కే ముందు పిన్నికి ఫోన్ చేసి సముద్రం ఎంత బాగుందో చెప్పాను. "అవునా తల్లీ, నేను చూసి తొమ్మిదేళ్ళయింది. తుఫాను వచ్చిన ఏడు చూసిందే" అంది.

పిన్ని ఇంటి నుంచి గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లు. మా కారులో ఒక సీటు ఖాళీగా ఉంది. ఆవిడ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. నాకు తట్టలేదు. ఆ రాత్రి రైల్లో నిద్ర పట్టలేదు.

కాబట్టి నా సలహా ఒక్కటే. చుట్టాలకు ఒక రోజు, ఊరికి ఒక రోజు అని విడదీయకండి. ఎక్కడికి వెళ్ళినా ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి. కూర్చుని మాట్లాడాల్సిన ఇళ్ళు రెండో మూడో ఎంచుకోండి. మిగతా వాళ్ళందర్నీ ఒక ఇంట్లో ఒక పూట భోజనానికి పిలిపించండి. 2024లో మేం చేసింది ఇదే. ఆ ఏడు జనవరి 26 శుక్రవారం పడింది, శని ఆదివారాలు కలిసొచ్చాయి.

టికెట్ సంగతి. మనం బరంపురం అంటాం గానీ రైల్వే యాప్‌లో బ్రహ్మపూర్ అని ఉంటుంది, కోడ్ బీఏఎం. పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్, మధ్యప్రదేశ్‌లో బుర్హాన్‌పూర్ ఉన్నాయి. మా తమ్ముడు ఒకసారి తొందరలో బెంగాల్ ఊరు నొక్కేశాడు, కాబట్టి కోడ్ చూసి మరీ తీసుకోండి. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే ఫలక్‌నుమా, విశాఖ, కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లు ఇక్కడ ఆగుతాయి. విశాఖపట్నం నుంచి నాలుగైదు గంటలు. పలాస, ఇచ్ఛాపురం దాటితే ఇక వచ్చేసినట్టే.

ఎక్కడ దిగాలి అన్నది కూడా ముందే తేల్చుకోండి. మొదటిసారి మేం హోటల్లో దిగాం, ఎవరికీ ఇబ్బంది కలిగించకూడదని. పిన్ని దాన్ని ఇంకోలా తీసుకుంది. రెండోసారి ఫోన్ చేసి నేరుగా అడిగాను: "పిన్నీ, నలుగురం వస్తున్నాం, హాల్లో పడుకుంటాం, వంటకు నేనూ చెయ్యేస్తాను, సరేనా?" ఆవిడ "హౌ, హౌ" అంది. ఒడియాలో హౌ అంటే సరే. మా ఇళ్ళలో తెలుగు మాటల మధ్య అది రోజుకు వందసార్లు దొర్లుతుంది. మీ వాళ్ళ ఇల్లు చిన్నదైతే దగ్గర్లో గది తీసుకోండి, కానీ తిండి మాత్రం ఇంట్లోనే.

మొదటి రోజు దూరం ఎక్కడికీ పెట్టుకోకండి. పొద్దున్న ఉప్మా, వడ, పక్కన వేడి ఘుగుని (బఠాణీల కూర) తిని మేం నడిచి బడాబజార్ వైపు వెళ్ళాం. పిల్లలకు పట్టు చూపించాలని. బరంపురం పట్టుచీర అంచులో గుడి గోపురంలా మొనదేలిన వరస ఒకటి ఉంటుంది, దాన్ని ఫోడా కుంభ అంటారు. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆడవాళ్ళకు చీర, మగవాళ్ళకు జోడా, అంటే పట్టుపంచె, కండువా. ఈ మగ్గాల మీద కూర్చున్న దేరా కులస్థులు తెలుగు మూలాలున్న వాళ్ళే. రెండేళ్ళకోసారి చైత్రంలో జరిగే బుఢీ ఠాకురాణి యాత్ర కూడా వాళ్ళదే. అమ్మవారు దేరాల పెద్ద అయిన దేశీ బెహరా ఇంటి ఆడపడుచు. గుడి నుంచి దేశీ బెహరా వీధికి పుట్టింటికొస్తుంది, దాదాపు నెల రోజులు ఉంటుంది. పులి వేషాలూ రకరకాల మారువేషాలూ వేసుకుని ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. మీకు ఎప్పుడైనా కుదిరితే ఆ యాత్ర ఏడాదిలో వెళ్ళండి. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినప్పుడు ఇల్లు ఎలా ఉంటుందో, ఆ నెల ఊరు అలా ఉంటుంది.

మధ్యాహ్నం మావయ్య ఇంట్లో భోజనాలు. పిలిచిన ఇరవై మూడు మందీ వచ్చారు. తొమ్మిది ఇళ్ళు తిరిగినప్పుడు ఎవరితోనూ కలపని మాటలు ఆ ఒక్క పూటలో కలిశాయి. మావయ్య పిల్లల్ని కూర్చోబెట్టుకుని, వాళ్ళ నాన్న మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టాడనీ, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక అదే ఇంట్లో, అదే మంచం మీద పడుకుంటూ ఒడిశా వాసి అయ్యాడనీ చెప్పాడు. మన నాలుగో రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో ఈ ఊళ్ళోనే, తెలుగు ఇంట్లో పుట్టాడనీ, ఇక్కడి ఖల్లికోట కాలేజీలోనే చదివాడనీ చెప్తే మా అబ్బాయి, "అమ్మా, నువ్వూ అక్కడే కదా చదివింది" అని నా వైపు కొత్తగా చూశాడు.

స్నేహితుల్ని ఇళ్ళకు వెళ్ళి కలవాలనుకోకండి, మూడు రోజుల్లో సాధ్యం కాదు. సాయంత్రం ఫలానా గంటకు ఫలానా చోట ఉంటాను అని చెప్పండి. మేం రామలింగం ట్యాంక్ పార్కులో కలిశాం. ఆరుగురికి చెప్తే నలుగురు వచ్చారు. నేను ఒడియా మాట్లాడి చాలాకాలమైంది. మొదటి పది నిమిషాలు నాలుక తడబడింది. కాలేజీలో నా పక్కన కూర్చున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకునే ఉంది, నేను మాట కోసం వెతుక్కున్నప్పుడల్లా మెల్లగా అందించింది. రెండు గంటలు అనుకున్నది పార్కు మూసేదాకా సాగింది. భర్తల్ని, పిల్లల్ని ఆ పూట ఇంట్లో వదిలి వెళ్ళండి. వాళ్ళు పక్కనుంటే ఆ మాటలు రావు.

రెండో రోజు మావయ్యతో తారాతారిణి. పురుషోత్తంపూర్ దగ్గర, రుషికుల్యా నది ఒడ్డున కొండ మీద గుడి. బరంపురం నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. మెట్లు 999. పిల్లలు ఎక్కుతామంటే మా ఆయన వాళ్ళతో ఎక్కాడు. మావయ్యకు మోకాళ్ళ నొప్పులు, ఆయనా నేనూ రోప్‌వేలో వెళ్ళాం. కారు పైదాకా వెళ్ళే రోడ్డు కూడా ఉంది. చైత్రమాసంలో మంగళవారాలు మాత్రం పుట్టువెంట్రుకల మొక్కులతో ఇసకేస్తే రాలనంత జనం, పెద్దవాళ్ళతో ఆ రోజుల్లో వద్దు.

అటు వెళ్ళినప్పుడు జౌగడ వదిలెయ్యకండి, అదీ పురుషోత్తంపూర్ దగ్గరే. అశోకుడి శాసనాలు చెక్కిన బండ. చుట్టూ కటకటాలు, బయటినుంచే చూడాలి. మావయ్య బడిపంతులుగా రిటైరయ్యాడు. ఆయన పక్కన లేకపోతే మాకది ఉట్టి రాయే. కళింగ యుద్ధంలో ఎంతమంది చచ్చిపోయారో, తను ఎంత కుమిలిపోయాడో అశోకుడు తన పదమూడో శాసనంలో చెప్పుకున్నాడట. కానీ ఆ శాసనం కళింగలో ఉన్న ఈ జౌగడలోనూ లేదు, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ లేదు. దాని బదులు ఇక్కడి వాళ్ళ కోసం వేరేగా రెండు శాసనాలు చెక్కించాడు, మనుషులందరూ నా బిడ్డలే అన్నది అందులోదే. "దెబ్బ తిన్న వాళ్ళ ముందు ఆ లెక్కలు చదవలేక కాబోలు" అన్నాడు మావయ్య. కటకటాలు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఎన్నాళ్ళ నుంచో మళ్ళీ చూడాలనుకుంటున్నాడట.

చిలికాను ఈసారికి వదిలెయ్యండి. ఆ సరస్సు ఒడ్డున పడవలెక్కే రంభ దాదాపు 50 కిలోమీటర్లు, పడవ ఎక్కితే రోజంతా దానికే. మూడు రోజుల్లో దూర్చాలని చూస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మూడో రోజు తెల్లవారుజామున గోపాల్‌పూర్, పిన్నితో. చీకట్లోనే బయల్దేరాం, ఆరుంబావు కల్లా ఇసకలో ఉన్నాం. పిన్ని చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి, నీళ్ళు పాదాలను తాకేదాకా వెళ్ళి ఆగిపోయింది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తలుపుకు అడ్డంగా బియ్యం డ్రమ్ము జరిపి, దానికి వీపు ఆనించి బాబాయీ తనూ తెల్లార్లూ కూర్చున్నారట. మరుసటేడు బాబాయి పోయాడు. తర్వాత ఎవరూ తీసుకెళ్ళలేదు, తనూ ఎవర్నీ అడగలేదు. ఇదంతా నీళ్ళ వైపు చూస్తూనే చెప్పింది. ఇన్నేళ్ళూ ఫోన్లో నాకు ఒక్కసారీ చెప్పని సంగతి.

అంతలో వల సర్దుకుంటున్న ఒకామె "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులోనే అడిగింది. ఈ తీరంలో చేపలు పట్టే నోళియాలు తెలుగువాళ్ళు. పిన్ని వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఎంత సేపంటే ఎండ ఎక్కేదాకా. ఒకప్పుడు ఇక్కడినుంచి ఓడల్లో కూలీలు రంగూన్ వెళ్ళేవాళ్ళు, వాళ్ళ తాతా అలాగే వెళ్ళాడని ఆమె అంటే, మా ఇంట్లోనూ ఒకాయన వెళ్ళి తిరిగి రాలేదని పిన్ని అంది. పాత రేవు స్తంభాలు ఇంకా నిలబడి ఉన్నాయి, పిల్లలకు చూపించండి. నీళ్ళలోకి మాత్రం లోపలికి పోనివ్వకండి, అక్కడ లోపలి లాగుడు ఎక్కువ.

తిరుగు రైలు సాయంత్రానికి పెట్టుకోండి, ఆ మధ్యాహ్నం ఇంట్లో ఊరికే ఉండడానికి. బరంపురం అప్పడాలకూ ఊరగాయలకూ పేరు. బజారులో కొనుక్కోవచ్చు, కానీ ముందు ఇంట్లో జాడీలు చూడండి. పిన్ని జాడీల మీద అతికించిన కాగితాలు మా పాప చదవలేకపోయింది. పిన్ని చదివింది ఒడియా బడిలో. మాట తెలుగు, అక్షరాలు ఒడియా. ఆవకాయ, మాగాయ, చింతకాయ, అన్నీ ఒడియా లిపిలో. వంటల పుస్తకం కూడా అంతే, నూనె మరకలతో, అరవై పేజీల దాకా.

ఆ పేజీలన్నీ ఫొటోలు తీసుకొచ్చాను. ఆదివారం ఆదివారం పాప వీడియో కాల్ చేస్తుంది, పిన్ని ఒక వంట చదువుతుంది, పాప తెలుగులో రాసుకుంటుంది. "చిన్నమ్మమ్మా, ఒక గిద్దె అంటే ఎంత?" దగ్గర మొన్న అరగంట పట్టింది.