పాత షెవీ ట్రక్కుకి ట్రాన్స్‌మిషన్ మార్చాలనుకుంటున్న డాలస్ తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు పంపిన ఫొటోలన్నీ చూశా. 1965 సీ10 ట్రక్కు, 283 వీ8 ఇంజన్, కింద పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్, రివర్స్ వేస్తే కాసేపు ఆలోచించుకుని అప్పుడు కదుల్తోంది, గరాజ్ నేల మీద కారిన ఆయిల్ ఎర్ర మరక. రీబిల్డ్ చేయించాలా, వేరేది వెయ్యాలా, నేనే చేస్కోగలనా అని మూడడిగావు. మూడింటికీ చెప్తా, కానీ ముందు నేనొకటడుగుతా. శనివారం పొద్దున ఫోన్ చేస్తే గంటలో వచ్చి నీ గరాజ్‌లో నిలబడే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడా నీకు?

లేడనే అనుకుంటున్నా. రూమ్మేట్లు తలో ఊరికి వెళ్ళిపోయారని, వీకెండ్లు గడవట్లేదని నువ్వే రాశావు, ఆ కింద లైన్లోనే ట్రక్కు కొన్నానని రాశావు, ఈ రెంటికీ మధ్య ఏముందో నువ్వు చెప్పక్కర్లేదులే, మేమూ అలా వచ్చినోళ్ళమే. మీకు ఇప్పుడు వీడియో కాల్ అన్నా ఉంది, మా టైమ్‌లో కాలింగ్ కార్డులో నిమిషాలు లెక్కపెట్టుకుంటూ మాట్లాడేవాళ్ళం.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో. టైటిల్, అంటే బండి ఓనర్‌షిప్ కాగితం, నీ పేరు మీదికి మార్చుకున్నావో లేదో చూస్కో, పాత బళ్ళకిచ్చే యాంటిక్ నంబర్ ప్లేట్లు తీస్కుంటే రోజూ ఆఫీసుకి నడపడానికి ఒప్పుకోరు, బండి స్టాండ్ల మీద పెట్టి డ్రైవ్‌వేలో వదిలేస్తే కాలనీ సంఘం, అదే హెచ్‌ఓఏ వాళ్ళు ఉత్తరం పంపుతారు. ఇవన్నీ స్టేట్ సైట్లో, హెచ్‌ఓఏ కాగితాల్లో ఉంటాయి, చదువుకో. ఇలా ఒక్కో ట్రక్కు బాగు చేసి అమ్ముదామనే ఆలోచనుంటే మాత్రం హెచ్‌1బీ మీద ఉన్నావు కాబట్టి ముందు లాయర్ని అడుగు.

ఇంక అసలు విషయం. పవర్‌గ్లైడ్ చెడ్డదేం కాదు, 1950లో మొదలెట్టి 1973 దాకా షెవర్లే వాళ్ళు వేస్తూనే వచ్చారు, నీది అల్యూమినియం కేసుది, డ్రాగ్ రేసింగ్ వాళ్ళు ఇప్పటికీ వెతుక్కుని మరీ కొంటారు కాబట్టి తీశాక జంక్‌యార్డ్‌లో పడెయ్యకు. కాకపోతే అందులో ఉండేవి రెండే గేర్లు. ఫస్ట్ గేర్ నిష్పత్తి 1.82 మాత్రమే, అందుకే సిగ్నల్ దగ్గర బద్ధకంగా లేస్తుంది. చాలామంది దీని స్థానంలో టర్బో 350 వేస్తారు, 1969లో వచ్చిన మూడు గేర్లది, ఫస్ట్ 2.52, లేవడం చాలా మెరుగవుతుంది, నేనూ అదే వేశా. కానీ వీడియోల్లో ఎవరూ సరిగ్గా చెప్పనిది ఒకటుంది, పవర్‌గ్లైడ్ టాప్ గేరూ టర్బో 350 టాప్ గేరూ రెండూ 1కి 1, అంటే హైవే మీద నీకు ఒరిగేదేం లేదు. నీ వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.73, టైర్ ఎత్తు 28 అంగుళాలు అనుకుంటే 65 మైళ్ళ స్పీడ్‌లో ఇంజన్ 2900 ఆర్‌పీఎం దగ్గర అరుస్తూ ఉంటుంది, రెంటిలో ఏదున్నా అంతే. అదే నాలుగు గేర్ల ఆటోమేటిక్ 700ఆర్4 వేస్తే ఓవర్‌డ్రైవ్, అంటే హైవే మీద ఇంజన్ నెమ్మదిగా తిరిగే టాప్ గేరు, 0.70 ఉంటుంది కాబట్టి 2000 చిల్లరకి దిగుతుంది, ఫస్ట్ కూడా 3.06. మీ డాలస్ టోల్‌వేల మీద తిరగాలంటే నా ఓటు 700ఆర్4కే, అదీ 1987 తర్వాత చేసింది చూస్కో, మొదట్లో వచ్చినవి కొంచెం బలహీనం. మాది మిషిగన్‌లో చిన్న ఊరు, నాకు హైవే పని తక్కువ, అందుకని 350తోనే సరిపెట్టుకున్నా.

నాది 1966 సీ10, ఇంజన్ 250 స్ట్రెయిట్ సిక్స్, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉండేది. ఆ సిక్స్‌కీ మీ వీ8కీ వెనక బోల్టుల వరస ఒకటే, కాబట్టి ఇంజన్ వైపు ఇబ్బంది ఉండదని తెలుసుకుని నేను మహా తెలివైనవాణ్ణి అనుకున్నా. ఒకాయన దగ్గర పాత ట్రక్కులోంచి తీసిన టర్బో 350 చవగ్గా దొరికింది, అన్నీ ఒకటేనయ్యా అన్నాడాయన, నేనూ తలూపి తెచ్చుకున్నా. ఇంటికొచ్చి పక్కపక్కన పెడితే కొత్తదాని తోక, అంటే వెనకవైపు గొట్టంలాంటి భాగం, పొడుగ్గా ఉంది. 350కి తోక సైజులు వేరేవేరే ఉంటాయి, ఆరంగుళాల తోకది అయితే పవర్‌గ్లైడ్ పొడుగుకి దాదాపు సరిపోతుంది, వెనక యాక్సిల్‌ని తిప్పే పాత డ్రైవ్‌షాఫ్టే పట్టేస్తుంది, కానీ ట్రక్కుల్లో ఎక్కువగా తొమ్మిదంగుళాలది వేశారు. నాకు దొరికింది అదే. కొనే ముందు టేపు పెట్టి కొలవలేదు, కొలవాలని చెప్పేవాడూ లేడు. డ్రైవ్‌షాఫ్ట్ కోయించి, బ్యాలెన్స్ చేయించి, ట్రాన్స్‌మిషన్‌ని మోసే అడ్డపట్టీ క్రాస్‌మెంబర్ జరిపి, అదో తతంగం అయింది. నువ్వు 700ఆర్4 వేస్తే ఎలాగూ పవర్‌గ్లైడ్ కంటే మూడంగుళాల పైన పొడుగు, షాఫ్ట్ కోయించక తప్పదు, కానీ ముందే తెలిసి కోయించడం వేరు కదా. షాఫ్ట్ చివర ట్రాన్స్‌మిషన్ తోకలోకి దూరే స్లిప్ యోక్ మాత్రం మూడింటికీ ఒకటే, 27 పళ్ళది, అది పారెయ్యకు.

అది డబ్బుతో పోయింది. రెండో తప్పు అలా కాదు. మీ వదినకి అప్పటికింకా హెచ్‌4 డిపెండెంట్ వీసా స్టాంపింగ్ అవ్వలేదు, ఇండియాలోనే ఉంది, బయట మంచు, నేను ఒక్కణ్ణే ట్రక్కు కింద. 350 అంటే 120 పౌండ్ల పైమాటే, జాక్ మీద పెట్టి పైకి లేపుతుంటే అటూ ఇటూ ఊగుతుంది, ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో జాక్ పంపు కొడుతూ ముక్కు కిందకి వంచా. వంచినప్పుడు లోపలున్న టార్క్ కన్వర్టర్, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా ట్రాన్స్‌మిషన్‌కి అందించే డబ్బా, కాస్త ముందుకి జారింది. నాకు కనపళ్ళేదు, నేను కింద పడుకుని ఉన్నా, పక్కనెవడన్నా నిలబడి ఉంటే కనపడేది. ట్రాన్స్‌మిషన్ ముందు భాగం, అదే బెల్‌హౌసింగ్, ఇంజన్‌కి అరంగుళం దూరంలో ఆగిపోయింది, సరే బిగుతుగా ఉందేమోలే అని బోల్టులు పెట్టి రెంచ్‌తో లాగేశా. దగ్గరికొచ్చింది. చాలా సంతోషపడ్డా. స్టార్ట్ చేస్తే ముందు వైపు నుంచి కీచుమని శబ్దం, ఏ గేర్‌లోనూ కదల్లేదు, తర్వాత ఎర్రగా ధార. కన్వర్టర్ మెడ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ పంపులో పూర్తిగా కూర్చోకుండానే బోల్టులు లాగితే పంపు పళ్ళు విరుగుతాయి, మళ్ళీ మొత్తం దించాల్సిందే.

కన్వర్టర్‌ని తిప్పుతూ లోపలికి నొక్కాలి, టక్కుమని ఒకసారి దిగుతుంది, అక్కడితో అయిపోయిందనుకోకూడదు, ఇంకోసారి, ఒక్కోసారి మూడోసారి కూడా దిగుతుంది. బెల్‌హౌసింగ్ చేతులతో తోస్తేనే ఇంజన్‌కి ఆనాలి, బోల్టులతో లాగాల్సి వస్తోందంటే ఆపెయ్. ఆనాక కన్వర్టర్ చేత్తో తిప్పితే హాయిగా తిరగాలి, దానికీ ఇంజన్ వెనకుండే పళ్ళ చక్రం ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు, మహా అయితే మూడు పదహార్ల వంతు సందు ఉండాలి, అప్పుడే మూడు బోల్టులూ బిగించు.

ఇది నాకు చెప్పింది వీడియో కాదు. మా పక్కింటి పెద్దాయన, జీవితమంతా ప్లాంట్‌లో లైన్ మీద పనిచేసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి పక్కపక్క ఇళ్ళలో ఉండి కూడా చెయ్యి ఊపడం తప్ప నేనాయనతో మాట్లాడింది లేదు, మన యాక్సెంట్, మన మొహమాటం, నీకు తెలియనిదేముంది. ఆ రోజు ఆ కీచు శబ్దం విని ఆయనే వచ్చాడు. చూశాడు, నవ్వలేదు, లోపలికెళ్ళి తన ఫ్లాష్‌లైట్ తెచ్చుకున్నాడు. రెండోసారి ఎక్కించినప్పుడు జాక్ నేను, చూపు ఆయన. మధ్యలో కబుర్లు, 1953లో ఇక్కడి లివోనియాలో హైడ్రామాటిక్ ప్లాంట్ తగలబడిపోయి జీఎం వాళ్ళ హైడ్రామాటిక్ ట్రాన్స్‌మిషన్ల సరఫరా ఆగిపోయిన సంగతి, తర్వాత విల్లో రన్‌కి మార్చడం, ఇవన్నీ వాళ్ళ నాన్న చెప్పగా విన్నవట. మన పార్టీల్లో గ్రీన్‌కార్డ్ డేట్లూ ఇళ్ళ రేట్లూ తప్ప ఇంకో మాట వినపడదు కదా, నాకు ఆ కబుర్లే ఎక్కువ నచ్చాయి. ఆ ట్రక్కు ఇవాళ్టికీ నడుస్తోంది, మా అబ్బాయి దాంతోనే డ్రైవింగ్ నేర్చుకున్నాడు.

అందుకని పార్ట్స్ ఆర్డర్ పెట్టకముందు మనిషిని వెతుక్కో. శనివారం పొద్దున్న పాత కార్లవాళ్ళు కాఫీలకి పోగయ్యే పార్కింగ్ లాట్లు మీ వైపు బోలెడు, ట్రక్కు కదుల్తున్నప్పుడే తీస్కెళ్ళి హుడ్ ఎత్తి నిలబడు చాలు, వాళ్ళే వస్తారు, వచ్చి గంట మాట్లాడతారు, నువ్వు వినలేక అలిసిపోతావు. ఒంటరిగా కిందకి మాత్రం దూరకు. ఫ్రేమ్‌కి రెండు పక్కలా జాక్ స్టాండ్లు, చక్రాలకి అడ్డాలు, ఇవి నీకు తెలుసు. నేను పెట్టిన జాక్ ఆ రోజు జారి ఉంటే సోమవారం స్టాండప్ మీటింగ్‌కి ఎందుకు రాలేదని మేనేజర్ పింగ్ చేసేదాకా ఎవరికీ తెలిసేది కాదు, ఆ మాట మీ వదినకి ఇంతవరకూ చెప్పలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తా. 700ఆర్4కి కార్బురేటర్ నుంచి టీవీ కేబుల్ (థ్రాటిల్ వాల్వ్ కేబుల్) అని ఒకటి వస్తుంది, లోపలి ప్రెషర్ దాని చేతిలో ఉంటుంది, అది వదులుగా ఉంటే క్లచ్‌లు కొద్ది మైళ్ళలోనే మాడిపోతాయి, నీ కార్బురేటర్‌కి సరైన బ్రాకెట్ కొని ప్రెషర్ గేజ్ పెట్టి సెట్ చేసేదాకా వీధి చివరికి కూడా నడపకు. హైవే మీద కన్వర్టర్ జారకుండా పట్టేసే లాకప్‌కి వైరింగ్ కావాలి, కిట్లు దొరుకుతాయి. రేడియేటర్‌లోని పాత కూలర్‌నీ లైన్లనీ కడక్కుండా కొత్తదానికి తగిలిస్తే పాత క్లచ్ పొడంతా అందులోకి పోతుంది. స్టీరింగ్ కాలమ్ మీద గేర్ గుర్తులు కొత్త గేర్లతో కలవవు, లింకేజ్ సర్దుకోవాలి, పార్క్‌లోనూ న్యూట్రల్‌లోనూ తప్ప ఇంకెక్కడా స్టార్ట్ అవ్వకుండా సేఫ్టీ స్విచ్ సరిచూస్కో. ఆయిల్ లెవెల్ బండి వేడెక్కాక ఇంజన్ నడుస్తుండగా పార్క్‌లో పెట్టి చూడాలి. స్పీడోమీటర్ గేరు కూడా మారుతుంది, అది పెద్ద విషయం కాదు.

ఫ్లెక్స్‌ప్లేట్‌కి 153 పళ్ళున్నాయో 168 ఉన్నాయో లెక్కపెట్టి చెప్పు, స్టార్టర్ మోటార్ దాన్ని బట్టే ఉంటుంది, కన్వర్టర్ బోల్టు రంధ్రాలు కలుస్తాయో లేదో కూడా అప్పుడే చెప్తా. లెక్కపెట్టేటప్పుడు ఇంజన్ రెంచ్‌తో తిప్పడానికి ఒకడు, కింద చూడ్డానికి ఒకడు కావాలి, ఆ ఒకడి పేరేంటో కూడా రాయి.