శనివారం ఓట్లు, ఆదివారం లెక్కలు

పాఠకుల ప్రశ్నలు: అమెరికన్ ఫుట్‌బాల్ ప్రత్యేకం

ఫుట్‌బాల్ సీజన్ మొదలైనప్పటి నుంచి మాకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం, శనివారాల కాలేజీ ఆటైనా, ఆదివారాల ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటైనా, అభిమాని చెప్పే మాటకు అసలు విలువ ఎంత అన్న సందేహం చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పొడుగైన వాటిని కొంత కుదించి, సమాధానాలతో ఇస్తున్నాము.

ప్రశ్న: 2023లో ఫ్లోరిడా స్టేట్ జట్టు ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచి కూడా జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు నోచుకోలేదు. ఒక మ్యాచ్ ఓడిన అలబామాకు మాత్రం చోటు దొరికింది. ఎన్‌ఎఫ్‌ఎల్ తప్ప మరొకటి చూడని మావారికి ఇది ఎంత చెప్పినా ఎక్కడం లేదు. అన్నీ గెలిచిన జట్టును పక్కన పెట్టడం ఎక్కడైనా ఉంటుందా అని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఏమని చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, టాలహాసీ

సమాధానం: మీవారు ఆశ్చర్యపోవడంలో తప్పేమీ లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు, ఒక్కొక్క జట్టు ఆడేది 17 మ్యాచ్‌లు; ఏ 14 జట్లు ముందుకు వెళ్తాయో గెలుపోటముల పట్టికే తేలుస్తుంది, రెండు జట్లు సమానంగా నిలిస్తే దేన్ని ముందు చూడాలో కూడా నియమావళిలో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఎవరి అభిప్రాయానికీ అక్కడ పని లేదు. ఆ పట్టిక ఒక్కోసారి ఎంత నిర్దయగా ఉంటుందంటే, 2024 సీజన్‌లో 14 మ్యాచ్‌లు గెలిచిన మిన్నెసోటా వైకింగ్స్ తమ డివిజన్‌లో (నాలుగు జట్ల గుంపులో) రెండో స్థానంలో నిలిచినందుకు అయిదో సీడ్‌గా, అంటే ప్లేఆఫ్ క్రమంలో అయిదో స్థానంలో, మిగిలింది. పది గెలిచిన లాస్ ఏంజెలెస్ రామ్స్, డివిజన్ విజేత కావడం వల్ల, దానికంటే పై సీడ్ పొందింది. అన్యాయమని గోల చేసినవారు ఉన్నారు గానీ ఎవరో తమను మోసం చేశారని అన్నవారు లేరు.

కాలేజీ ఆట సంగతి వేరు. అగ్రశ్రేణిలోనే 130కి పైగా జట్లు ఉంటాయి, ఒక్కొక్కటి ఆడేది 12 మ్యాచ్‌లు, ఆపైన కొన్నిటికి తమ కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీల కూటమి) ఫైనల్. ఈ జట్లలో చాలా భాగం ఒకదాని ముఖం ఒకటి చూడకుండానే సీజన్ ముగుస్తుంది కాబట్టి, ఎవరు గొప్ప అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చక తప్పదు. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ తరఫున క్రీడా విలేఖరులు ప్రతి వారం ఓట్లు వేస్తూనే ఉన్నారు; ఇప్పటి పద్ధతిలో ఒక్కో ఓటరు తన జాబితాలోని మొదటి జట్టుకు 25 పాయింట్లు, రెండోదానికి 24, ఇలా ఇరవై అయిదో జట్టుకు ఒకటి ఇస్తారు. ప్లేఆఫ్‌కు ఎవరు వెళ్లాలో నిర్ణయించే అధికారం మాత్రం 13 మంది సభ్యుల ఎంపిక కమిటీది. అంటే కాలేజీ ఫుట్‌బాల్‌లో అభిప్రాయం మైదానం బయట చెప్పుకునే కబురు కాదు, ఫలితాన్ని తయారు చేసే యంత్రంలో అదీ ఒక భాగమే. ఒక్క బంతి కూడా ఆడకముందే, ఆగస్టులోనే మొదటి ర్యాంకింగ్ వెలువడుతుంది. ఆ జాబితా పైభాగంలో ఉన్న జట్టు ఒక మ్యాచ్ ఓడితే నాలుగు మెట్లు దిగుతుంది, జాబితాలో లేని జట్టు మూడు గెలిచినా ఒక మెట్టు ఎక్కడానికి ఆపసోపాలు పడుతుంది.

ఇక ఫ్లోరిడా స్టేట్ విషయం. నవంబర్ 18న నార్త్ అలబామాతో ఆడుతున్నప్పుడు, దాడిని నడిపి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్రమైన గాయమైంది. కాన్ఫరెన్స్ ఫైనల్ నాటికి ఆ జట్టు మూడో క్వార్టర్‌బ్యాక్‌తో ఆడవలసి వచ్చింది, అయినా రక్షణ బలంతో లూయివిల్‌ను 16–6తో ఓడించింది. అదే రోజు అలబామా, వరుసగా 29 మ్యాచ్‌లు గెలిచి అగ్రస్థానంలో ఉన్న జార్జియాను 27–24తో పడగొట్టింది. ప్లేఆఫ్‌లో ఉన్న చోట్లు నాలుగే. కీలకమైన ఆటగాడు అందుబాటులో లేకపోవడాన్ని పరిగణించవచ్చని కమిటీ నిబంధనల్లోనే ఉంది కాబట్టి కమిటీ తన నియమాన్ని మీరిందని నేను అనను. ఆ నియమమే న్యాయమైనది కాదంటాను. ఇలా ఆడవచ్చు అన్న ఊహను, ఇలా ఆడింది అన్న రుజువుకంటే పైన కూర్చోబెట్టినప్పుడు పదమూడు వారాల కష్టానికి అర్థం పోతుంది.

ఆ తర్వాత, ప్లేఆఫ్‌లో భాగం కాని ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో జార్జియా చేతిలో ఫ్లోరిడా స్టేట్ 63–3తో చిత్తయింది కదా, కమిటీ చేసింది సరైనదే కదా అని కొందరు వాదిస్తారు. ఆ వాదన నిలవదు. ప్లేఆఫ్ చేజారాక ఆ జట్టులోని ముఖ్యమైన ఆటగాళ్లు చాలామంది ఆ మ్యాచ్‌కు దూరంగా ఉన్నారు; ఆ రోజు ఓడింది పదమూడు గెలిచిన జట్టు కాదు. మరుసటి సీజన్ నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లకు చోటు కల్పించారు గనుక ఇలాంటి జట్టు బయట ఉండిపోయే అవకాశం బాగా తగ్గింది. వివాదం మాత్రం తగ్గలేదు, నాలుగు–అయిదు స్థానాల మధ్య నుంచి పన్నెండు–పదమూడు స్థానాల మధ్యకు జరిగింది, అంతే.

ప్రశ్న: 2024 నవంబర్ 30న ఒహాయో స్టేట్ మిషిగన్ చేతిలో ఓడిన రాత్రి, కోచ్ ర్యాన్ డేను తెల్లవారేలోగా ఇంటికి పంపాలని మా బావగారు పట్టుబట్టారు. జనవరిలో అదే కోచ్ జాతీయ ట్రోఫీ ఎత్తితే, ఆయన మీద తనకు ఎప్పుడూ నమ్మకమేనని అన్నారు. ఇలాంటి అభిమాని మాటను ఎలా తీసుకోవాలి?
– ఒక పాఠకుడు, కొలంబస్

సమాధానం: మీ బావగారిని పూర్తిగా తీసిపారేయకండి. ఆయన ఆ రాత్రి రెండు మాటలు అని ఉంటారు, వాటిని విడదీసి చూడాలి.

మొదటిది ఆ మ్యాచ్ గురించి. అప్పటికి ఆరు గెలిచి అయిదు ఓడిన మిషిగన్, ఒహాయో స్టేట్ సొంత మైదానానికి వచ్చి 13–10తో గెలిచి వెళ్లింది. మిషిగన్‌పై వరుసగా అది నాలుగో ఓటమి. జెరెమయ్యా స్మిత్ లాంటి రిసీవర్ (పాస్ అందుకునే ఆటగాడు) అంచున నిలబడి ఉండగా, మిషిగన్ రక్షణ వరుసలో అత్యంత బలమైన భాగమైన నడిమధ్యకే బంతిని పదేపదే పరిగెత్తించారన్నది అప్పటి ప్రధాన విమర్శ. అది ఆట తెలిసినవారి విమర్శ, ట్రోఫీ వచ్చినంత మాత్రాన అబద్ధమైపోదు. ప్లేఆఫ్‌లో ఆ జట్టు తీరు కూడా ఆ విమర్శకు దన్నుగానే నిలిచింది: టెనెసీపై మొదటి క్వార్టర్‌లోనే 21–0, అక్టోబర్‌లో తమను ఒక్క పాయింటు తేడాతో ఓడించిన ఒరెగన్‌పై ఒక దశలో 34–0. బంతిని గాలిలో విసిరితే ఏమవుతుందో అందరూ చూశారు.

రెండోది కోచ్‌ను తీసేయాలన్న మాట. ఒక మధ్యాహ్నం జరిగిన ఆటను చూసి కొన్నేళ్ల పనిపై ఇచ్చిన తీర్పు అది. ఇక్కడ గమనించవలసింది మరొకటి ఉంది. నాలుగు జట్ల ప్లేఆఫ్ నడిచిన పదేళ్లలో రెండు మ్యాచ్‌లు ఓడిన జట్టును ఒక్కసారి కూడా తీసుకోలేదు. పాత పద్ధతే ఉండి ఉంటే పది గెలిచి రెండు ఓడిన ఒహాయో స్టేట్ సీజన్ ఆ రాత్రితోనే ముగిసేది, బహుశా మీ బావగారి కోరిక కూడా తీరేది. ఎనిమిదో సీడ్‌గా లోపలికి వచ్చి, ఫైనల్లో నోటర్ డామ్‌ను 34–23తో గెలవడానికి దారి ఇచ్చింది కొత్త పద్ధతే. నమ్మకం ఎప్పుడూ ఉందన్న మాటకు మాత్రం నవ్వి ఊరుకోవడమే మర్యాద.

ప్రశ్న: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మా జట్టు మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది. సీజన్ అయిపోయిందని మా అబ్బాయి జెర్సీ మడిచి బీరువాలో పెట్టేశాడు. తొందరపడ్డాడా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

సమాధానం: తొందరపడ్డాడు. 2007లో న్యూయార్క్ జెయింట్స్ మొదటి రెండూ ఓడింది. ఆ సీజన్ చివర, అప్పటికి 18 మ్యాచ్‌లు గెలిచి ఒక్కటీ ఓడని న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌లో 17–14తో ఓడించింది. 2014లో గ్రీన్ బే ప్యాకర్స్ మొదటి మూడింటిలో రెండు ఓడినప్పుడు అభిమానులంతా కంగారుపడితే, క్వార్టర్‌బ్యాక్ ఆరన్ రాడ్జర్స్ రేడియోలో "రిలాక్స్" అన్న మాటను ఒక్కొక్క అక్షరమే విడివిడిగా పలికి చెప్పారు. ఆ జట్టు 12 గెలుపులతో సీజన్ ముగించింది. అలాగని రెండు ఓటములకు అర్థమే లేదని కాదు. ఎలా ఓడారో చూడమనండి. చివరి నిమిషపు ఫీల్డ్ గోల్ (మూడు పాయింట్ల కిక్) తప్పి ఓడడం వేరు, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ముందు వరుస ప్రతి మూడో బంతికీ చెదిరిపోయి ఓడడం వేరు. మొదటిదైతే జెర్సీ బయటకు తీయమనండి.

ప్రశ్న: 2024 జనవరిలో, సూపర్ బౌల్‌కు ముందు మెట్టైన ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో డెట్రాయిట్ లయన్స్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఫీల్డ్ గోల్ కొట్టించకుండా ఫోర్త్ డౌన్‌లో (నాలుగో, చివరి ప్రయత్నంలో) రెండుసార్లు ముందుకు వెళ్లబట్టే సూపర్ బౌల్ పోయిందని నా నమ్మకం. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, డెట్రాయిట్

సమాధానం: మీ బాధ అర్థమవుతుంది. విరామానికి 24–7తో ముందున్న జట్టు 34–31తో ఓడితే ఎవరో ఒకరిని దోషిగా నిలబెట్టాలనిపిస్తుంది. అయితే ఆ మొదటి నిర్ణయాన్ని కాస్త దగ్గరగా చూడండి. మూడో క్వార్టర్, స్కోరు 24–10, ప్రత్యర్థి శాన్ ఫ్రాన్సిస్కో వైపు 28 యార్డుల గీత దగ్గర బంతి, కావలసింది రెండు యార్డులు. జేర్డ్ గాఫ్ విసిరిన బంతి జాష్ రెనాల్డ్స్ చేతుల్లోకే వెళ్లింది, ఆయన జారవిడిచారు. కోచ్ ఎంచుకున్న ఎత్తుగడ పారింది, పట్టు తప్పింది. ఆ తర్వాత శాన్ ఫ్రాన్సిస్కో దాడిలో బ్రాండన్ అయ్యుక్ కోసం విసిరిన పొడవాటి పాస్ లయన్స్ డిఫెండర్ హెల్మెట్‌కు తగిలి పైకి లేచి, మళ్లీ అయ్యుక్ చేతుల్లోనే పడి 51 యార్డులు తెచ్చిపెట్టింది. వెంటనే లయన్స్ ఫంబుల్ (బంతి చేజారడం), స్కోరు సమానం. వీటిలో ఏదీ కోచ్ లెక్కలో వేసుకోగలిగింది కాదు.

రెండోసారి సంగతి వేరు. నాలుగో క్వార్టర్‌లో 24–27తో వెనకబడి ఉన్నప్పుడు, 30 యార్డుల గీత దగ్గర కిక్ పడితే స్కోరు సమమయ్యేది. అక్కడ కిక్ కొట్టించి ఉండవలసిందన్న మీ వాదనలో బలం ఉందని నేనూ ఒప్పుకుంటాను; అయితే కిక్ కొట్టేది గీతకు వెనక నుంచి, గోల్ పోస్టులు ఉండేది మైదానం చివర కాబట్టి అది కూడా నలభై యార్డులు దాటిన కిక్కే, చేతిలో పెట్టిన మూడు పాయింట్లు కావు. పైగా సీజన్ పొడుగునా ఇదే తెగువతో గెలిచినప్పుడు డెట్రాయిట్ మొత్తం చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టిన పద్ధతినే ఓడిన రోజున మూర్ఖత్వం అనడం నాకు సబబుగా తోచదు.

ప్రశ్న: ఫిలడెల్ఫియా ఈగిల్స్ ఆడే 'టష్ పుష్' అసలు ఫుట్‌బాలే కాదని నా మిత్రులు అంటారు. నిషేధించాలంటారా?
– ఒక పాఠకుడు, డెలావేర్

సమాధానం: క్వార్టర్‌బ్యాక్‌ను వెనక నుంచి ఇద్దరు నెట్టి ఒక యార్డు సంపాదించే ఈ ఎత్తుగడను నిషేధించాలని గ్రీన్ బే ప్రతిపాదిస్తే, 2025 మేలో 22 జట్లు అనుకూలంగా ఓటు వేశాయి; కావలసినవి 24. అందం లేదన్నది రుచికి సంబంధించిన మాట, దాన్ని నేను కాదనను. కానీ బంతి పట్టుకున్నవాణ్ని నెట్టకూడదన్న పాత నిషేధాన్ని 2005లో తొలగించింది లీగే కాబట్టి, ఆ తర్వాత అది అన్ని జట్లకూ అందుబాటులోనే ఉంది. ఈగిల్స్ దాన్ని అందరికంటే బాగా ఆడుతున్నారన్నదే అసలు ఫిర్యాదైతే, దానికి మందు నిషేధం కాదు.

ప్రశ్న: ఏడాదికో కాలేజీ మారే ఆటగాళ్లు, వారికి ముట్టే డబ్బు చూశాక కాలేజీ ఫుట్‌బాల్‌పై మనసు విరిగింది. నాలా అనుకునేవారు ఇంకెవరైనా రాశారా?
– ఒక పాఠకుడు, ఆస్టిన్

సమాధానం: చాలామందే రాశారు. 2021 జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మలపై డబ్బు సంపాదించుకోవచ్చు. అదే ఏడాది నుంచి ఒకసారి కాలేజీ మారినా ఏడాది ఆడకుండా కూర్చోవలసిన పని లేకుండా పోయింది, తర్వాత ఆ ఒక్కసారి పరిమితి కూడా ఎగిరిపోయింది. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో విశ్వవిద్యాలయం తన క్రీడాకారులందరికీ కలిపి మొదటి ఏడాది సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా చెల్లించే వీలు కలిగింది. పాత అభిమానికి ఇది మింగుడుపడదు, నిజమే. కానీ లక్షమంది నిండే స్టేడియాల టికెట్ల డబ్బు, టీవీ హక్కుల డబ్బు అంతకుముందు కూడా ఉన్నాయి. ఆటగాడికి తప్ప అందరికీ అందేవి. కోచ్ మధ్యలో మరో కాలేజీకి వెళ్లిపోతే వృత్తి ధర్మమని, ఇరవై ఏళ్ల కుర్రాడు వెళితే ద్రోహమని అనడంలో నాకు న్యాయం కనబడదు. పైన చెప్పుకున్న ఒహాయో స్టేట్‌కు ట్రోఫీ తెచ్చిన క్వార్టర్‌బ్యాక్ విల్ హావర్డ్ అంతకుముందు కాన్సాస్ స్టేట్‌కు ఆడినవారే, కొలంబస్‌లో ఆ సంగతి ఎవరూ తప్పుపట్టలేదు. మీ ఫిర్యాదులో నేను ఏకీభవించేది ఒక్కదానితోనే: ప్లేఆఫ్ ముగియకముందే బదిలీల గడువు తెరుచుకోవడం వల్ల, ఇంకా మ్యాచ్‌లు మిగిలి ఉండగానే కొన్ని జట్లు ఆటగాళ్లను పోగొట్టుకున్నాయి. ఆ తేదీలను సరిచేయడానికి ఎవరి హక్కులనూ తగ్గించవలసిన అవసరం లేదు.

ప్రశ్న: శనివారం గీత పక్కన ఒక కాలు మోపి పట్టిన బంతిని క్యాచ్ అన్నారు. ఆదివారం అలాంటిదే కాదన్నారు. అంపైర్ల తప్పేనా?
– ఒక పాఠకురాలు, సియాటిల్

సమాధానం: ఇద్దరూ సరిగానే చెప్పారు. కాలేజీలో ఒక పాదం గీత లోపల మోపితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు పాదాలూ మోపాలి. అలాగే కాలేజీలో బంతి పట్టుకున్నవాడు తనంతట తాను జారి మోకాలు నేలకు తాకించినా ఆట ఆగిపోతుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ప్రత్యర్థి ముట్టుకోనంతవరకు లేచి పరిగెత్తవచ్చు. శనివారం నుంచి ఆదివారానికి వచ్చే కొత్త ఆటగాళ్లే ఈ రెండో నియమం దగ్గర తడబడి, పడిన చోట బంతి వదిలేసి లేచిపోయిన సందర్భాలున్నాయి.