చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమంటుంటే...

ప్రశ్న: నా వయసు 38. మాది బొబ్బిలి. ఆరు నెలలుగా ఎడమవైపు పై పళ్లు చల్లటి నీళ్లు తగిలినా, చింతపండు పులుసు తిన్నా జివ్వుమంటున్నాయి. ఉప్పు కలిపిన పళ్లపొడి వేసి గట్టి బ్రష్షుతో తోముకోవడం అలవాటు. సెన్సిటివిటీ పేస్టు నాలుగు రోజులు వాడినా గుణం లేదు. పుచ్చు కూడా కనిపించడం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీది బహుశా కుడిచేతి వాటం. కుడిచేత్తో తోముకునేవారి బలమంతా ఎడమవైపు కోరపన్ను, దాని వెనక పళ్ల మీద పడుతుంది. పెదవి ఎత్తి అద్దంలో చూసుకోండి. చిగురు పైకి జరిగి, పంటి మొదట్లో పసుపురంగు గాడి కనిపిస్తే కారణం చాలావరకు అదే. అక్కడ పైపొర కింద ఉండే డెంటిన్ అనే లోపలి పొర బయటపడింది. దాని నిండా కంటికి ఆనని సన్నటి గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. చల్లదనానికి ఆ ద్రవం కదిలి నరాన్ని రేపుతుంది.

కాబట్టి ముందు మానాల్సింది ఆ రుద్దుడు. ఉప్పు, పళ్లపొడి, బొగ్గు, ఊకబూడిద ఏదైనా గరుకే. మెత్తటి బ్రష్షును పెన్ను పట్టినట్టు వేళ్లతో పట్టుకుని, చిగురు అంచున కాస్త ఏటవాలుగా ఆనించి, చిన్న చిన్న గుండ్రాలుగా 2 నిమిషాలు తోమండి. పళ్లను తెల్లబరిచే పేస్టులు మీకు వద్దు.

సెన్సిటివిటీ పేస్టుకు నాలుగు రోజులు చాలవు. 5 శాతం పొటాషియం నైట్రేట్ ఉన్నది నరాన్ని నెమ్మదిగా శాంతపరుస్తుంది. రెండుపూటలా వాడితే గుణం తెలియడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. స్టానస్ ఫ్లోరైడ్ లేదా ఆర్జినిన్ ఉన్నవి ఆ గొట్టాల నోళ్లను మూస్తాయి. తోమాక నురగ ఉమ్మేయండి, నీళ్లు పోసి పుక్కిలిస్తే మందంతా కొట్టుకుపోతుంది. రాత్రి పడుకునే ముందు బఠాణీ గింజంత పేస్టు వేలితో ఆ పళ్ల మొదళ్లకు రాసి వదిలేయండి.

పులుపు తిన్న వెంటనే తోమకండి. అప్పటికి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది, బ్రష్షుకు అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి కనీసం అరగంట ఆగండి. చోడి అంబలి మానక్కర్లేదు. అందులో నిమ్మకాయ పిండుకునే అలవాటుంటే మాత్రం గంటసేపు గుక్కగుక్కగా చప్పరించకుండా ఒకేసారి తాగేయండి. పచ్చి మామిడికాయ ముక్కలు రోజంతా నములుతూ ఉండటమూ అలాంటిదే.

నెల వాడినా తగ్గకపోతే డెంటిస్టు దగ్గర ఫ్లోరైడ్ వార్నిష్ (పళ్లకు పూసే మందు పూత) వేయించుకోవచ్చు. గాడి లోతుగా ఉంటే పంటి రంగు ఫిల్లింగుతో పూడుస్తారు. పళ్లు క్లీనింగ్ చేయించుకున్నాక కొన్నాళ్లు జివ్వుమనడం మామూలే. దానివల్ల పళ్లు వదులవుతాయన్న భయం మాత్రం నిజం కాదు.

పుచ్చు లేదని అద్దంలో చూసి తేల్చుకోవద్దు. రెండు పళ్ల సందులో ఉన్నది ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. చల్లదనం పోయాక కూడా నొప్పి అర నిమిషానికి మించి ఉంటే, వేడికి లాగితే, రాత్రి నిద్రలేపితే, కొరికినప్పుడు ఒకే పన్ను పోటు పెడితే నెల ఆగకండి, ఈ వారమే చూపించుకోండి. ఆలోగా లవంగనూనె పోసుకోవద్దు. చిగురు కాలి పుండవుతుంది.